సిస్టరమ్మ గదిలో ఒట్లు చెల్లవు

సిస్టరమ్మ పోయిందన్న కబురు నాకు నారాయణగూడ ప్రెస్సులో అందింది. గ్రూప్స్ పరీక్షల గైడు ఒకటి, మూడో ప్రూఫు, ముందు పెట్టుకుని కూచున్నాను. ఫోన్ చేసింది ఆమె చెల్లెలు. "అక్క పొద్దున లేవలే అన్నా. నిద్రలనే పోయింది," అని చెప్పి పెట్టేసింది. ఎర్ర పెన్ను నా చేతిలో అలాగే ఉంది. అదే వాక్యం నాలుగుసార్లు చదివాను. అందులో తప్పుందని తెలుస్తోంది, ఎక్కడుందో కనిపించడం లేదు.

గంటలోపే మా ఆవిడ వచ్చింది. ఆమె స్కూలు టీచరు. సగం రోజు సెలవు పెట్టి, ఎన్నడూ గడప తొక్కని ప్రెస్సుకు వచ్చి, నా ఎదురుగా స్టూలు లాక్కుని కూచుంది. ఏంటి సంగతి అంటే ఊరికే వచ్చానంది. బావమరిది మూడుసార్లు ఫోన్ చేసి మూడుసార్లూ ఎక్కడున్నావనే అడిగాడు. ప్రెస్సు ఓనరు టీ తెప్పించి, నేను గ్లాసు కింద పెట్టేదాకా పక్కనే నిలబడ్డాడు. ఆ రోజు నన్ను పలకరించిన ప్రతివాడూ మామూలు కన్నా ఒక అడుగు దగ్గరికొచ్చి పలకరించాడు. మందు వాసన కోసం.

నిజం చెప్పాలంటే నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. పోయింది ఆమె, కాపలా నాకు. ఆమె వేలు పట్టుకుని నడిచేవాణ్ని గనుక ఆమె లేకపోతే పడిపోతానని వీళ్ల అంచనా. ఆమె ఎవరికీ వేలు అందించలేదు, నాకూ అందించలేదు. ఆ మాట గట్టిగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆమె పేరు రాయను. తన దగ్గరికి వచ్చిన వందలాది మంది పేర్లు ఆమె ఎన్నడూ ఎక్కడా బయటపెట్టలేదు, కాబట్టి నేనూ ఆమె పేరు బయటపెట్టను. నర్సు ఉద్యోగం చేసింది, అందులో ఎక్కువ కాలం మందు మాన్పించే వార్డులో. రిటైరయ్యాక అశోక్‌నగర్‌లో, రెండు హాస్టళ్ల మధ్య ఇరుక్కున్న తన ఇంటి ముందుగదిలోనే కౌన్సెలింగ్ మొదలుపెట్టింది. ఆసుపత్రి రోజుల నుంచీ అందరూ సిస్టరమ్మ అనేవారు. అదే మిగిలింది.

ఆ గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక గోకరకాయల బుట్ట. గోడ మీద దేవుడి పటం లేదు. ఇలాంటి చోట్ల ఉండే కుళ్లిపోయిన కాలేయం బొమ్మా లేదు. ఎందుకు పెట్టలేదని ఒకసారి అడిగాను. "భయపెట్టేటోళ్లు మీ ఇండ్లల్లనే మస్తుమంది ఉన్నరు. మళ్ల నేనెందుకు?" అంది.

గోకరకాయ, అంటే గోరుచిక్కుడు, సంగతి చెప్పాలి. ఎవరు వెళ్లినా ఒళ్లో ఒక పేపరు పరిచి రెండు గుప్పిళ్లు పోసేది, తనూ అన్ని తీసుకునేది. రెండు కొనలూ తీసి, ఈనె లాగి, వేలెడు ముక్కలుగా తుంచాలి. ఎంత తుంచినా తరగని కూర అది. చేతులు వణికేవాడికి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది, సిగ్గుపడేవాడికి తల దించుకోవడానికి కారణం ఉంటుంది. ఆమె మన కళ్లలోకి చూడదు, మనం ఆమె కళ్లలోకి చూడనవసరం లేదు. అలా కాయల వైపు చూస్తూ, కన్నతల్లికి చెప్పని మాటలు చెప్పేసిన వాళ్లను నేనెరుగుదును. ఆ ముక్కలు ఆ పూట వాళ్లింటి కూర. తాగుబోతులు తుంచిన కూర తిని బతుకుతున్నామని ఆమె చెల్లెలు వేళాకోళం ఆడేది.

ఆమెది మెత్తని మనసని రేపు ఎవరైనా రాస్తే నమ్మకండి. గల్లీలో వాళ్లు ఒకసారి పది మంది కలిసి వచ్చారు. ఇంటి ముందు తాగుబోతులు కూచుంటున్నారు, ఆడపిల్లల హాస్టలు పక్కనే ఉంది, ఈ పని ఇంకెక్కడైనా పెట్టుకోమన్నారు. నేను అప్పుడు అరుగు మీదే ఉన్నాను. ఆమె ఒళ్లో పేపరు మడిచి పక్కన పెట్టి లేచి గుమ్మంలోకి వచ్చింది. "తాగేటోళ్లు వైన్స్ ముందట లైను కడితే మీకు ఇబ్బంది లేదు. బంద్ చేద్దామనుకునేటోళ్లు నా ఇంటి ముందట కూసుంటే ఇబ్బందా? మీ ఇండ్లల్లకెళ్లి కూడ ఇద్దరొస్తున్నరు. ఎవరో చెప్ప, పరేషాన్ గాకుండ్రి," అంది. వచ్చిన వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇక నా కథ. తాగుడు ఎలా మొదలైందో రాయను, అందులో విశేషమేమీ లేదు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేసరికి పొద్దున రెండు గుక్కలు పడితే గానీ పెన్ను పట్టుకోలేని మనిషినయ్యాను. ఆ చేత్తోనే ఒక మోడల్ పేపరు ప్రూఫు పాస్ చేశాను. చివరి పేజీలో జవాబుల పట్టిక ఒక గడి కిందికి జారిపోయింది. మొదటి ప్రశ్న జవాబు రెండో ప్రశ్నకు, రెండోది మూడోదానికి, అలా చివరిదాకా. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండి, చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దంతా కూచుని చదివే పిల్లలు ఆ పట్టికతో దిద్దుకుని, తమకేమీ రాదని బెంగపడ్డారు. అసలు సంగతి తెలిశాక పుస్తకాలు పట్టుకుని ప్రెస్సు ముందుకొచ్చారు. వాళ్లకు ఎదురుగా నిలబడ్డ నా దగ్గర వాసన గుప్పుమంటోంది.

బావమరిది వచ్చి నన్ను ఇంటికి తీసుకుపోయాడు. మా అత్త మాతోనే ఉండేది. ఆమె ఒక్క మాట తిట్టలేదు. హోంవర్కు చేసుకుంటున్న మా పాపను లేపి తెచ్చి నా ముందు నిలబెట్టింది. పాపకు అప్పుడు ఎనిమిదేళ్లు. దాని తల మీద నా చెయ్యి పెట్టించి, మళ్లీ తాగితే నా బిడ్డ మీద ఒట్టు అనిపించింది. మన ఇళ్లలో ఇది కొత్త సంగతేమీ కాదు. వేరే దారి తోచనప్పుడు తల మీద చెయ్యి పెట్టిస్తాం. నేను మనస్ఫూర్తిగానే ఒట్టు వేశాను. పదకొండు రోజులు నిలబడ్డాను. పన్నెండో రోజు సాయంత్రం ప్రెస్సు నుంచి వస్తూ వైన్స్ ముందు ఆగాను.

మరుసటి వారం పాపకు డెంగీ వచ్చింది. ఆ వానల్లో మా గల్లీలో ఇంటింటా డెంగీయే. కానీ మా ఇంట్లో మాత్రం దానికి కారణం వేరు. ప్లేట్‌లెట్లు తగ్గిపోతున్నాయని డాక్టరు చెప్పినప్పుడల్లా అందరూ నా వైపే చూశారు. చివరికి అత్త పాప మంచం పక్కనే నిలబడి అనేసింది, "నాయిన ఒట్టు తప్పిండు. పిల్ల మీదికొచ్చింది." పాప కళ్లు మూసుకునే ఉంది గానీ నిద్రపోవడం లేదు. అప్పుడు నేనేం చేశానో దాచను. ఆసుపత్రి బయటికి పోయి తాగాను. నా బిడ్డను నేనే చంపుకుంటున్నానన్న భయం కాసేపు ఆగడానికి నాకు తెలిసిన మందు అదొక్కటే.

పాప కోలుకుంది. ఇంటికొచ్చాక దానికొక అలవాటయింది. నేను రాగానే పరుగెత్తుకొచ్చి మెడ చుట్టూ చేతులు వేసేది. చూసేవాళ్లు తండ్రంటే ఎంత ప్రేమో అనుకునేవారు. అది వాసన చూసేది. వాసన వచ్చిందంటే మెల్లగా వదిలి, మూలకు పోయి, తన నుదురు తానే పట్టి చూసుకునేది. కడుపు నొప్పి వచ్చినా, పెన్సిలు చెక్కుతూ వేలు తెగినా, "డాడీ, తాగినవా?" అని అడిగేది. తన ప్రాణం నా గ్లాసులో ఉందని ఆ పిల్ల నమ్మింది. నేనూ నమ్మాను. నమ్మిన కొద్దీ తాగాను. నా ఆరోగ్యం, నా ఉద్యోగం, నా పరువు ఏమైనా కానీ, ఆ ఒట్టు దాని తల మీంచి దింపాలి. ఎలా దింపాలో నాకు తెలియదు.

బావమరిది సిస్టరమ్మ గురించి ఎవరి ద్వారానో విని నన్ను లాక్కుపోయాడు. కుర్చీలో కూచోగానే అలవాటు కొద్దీ చెయ్యి చాపి, ఒట్టు, ఇంక ముట్టను అన్నాను. ఆమె నా చేతిలో గోకరకాయలు పోసింది. "నా దగ్గర ఒట్లు చెల్లవు తమ్మీ. చెయ్యి ఖాళీగనే ఉన్నది గద, జర ఇవి తుంచు," అంది. తరువాత ఎంత తాగుతావు, ఎప్పుడు మొదలుపెడతావు, మానితే ఏమవుతుంది అని నర్సు అడిగినట్టే అన్నీ అడిగి, ఒక డాక్టరుకు చీటీ రాసిచ్చింది. ఇంట్లో నా అంతట నేను ఒక్కసారిగా మానేయవద్దని, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చని, ముందు డాక్టరు, తరువాతే తన దగ్గరికి రావాలని కచ్చితంగా చెప్పింది. అలా కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండి మళ్లీ ఆమె దగ్గరికి వచ్చాను.

రెండోసారి ఆమె అడిగిన మొదటి ప్రశ్నకు నేను తెల్లబోయాను. తాగుడులో నీకు నచ్చేదేమిటి అని అడిగింది. నాకు అప్పటిదాకా తాగుడులో ఉన్న చెడ్డ గురించి అందరూ చెప్పారు, మంచి గురించి ఎవరూ అడగలేదు. ఇదేదో ఉచ్చు అనుకున్నాను. ఆమె మాత్రం కాయలు తుంచుకుంటూ నింపాదిగా వింటోంది. గంట సేపు చెప్పాను. చెప్పీ చెప్పీ చివరికి నాకే విసుగొచ్చింది.

అప్పుడు అడిగింది. "మానాలని ఎంతున్నది? పదిలో చెప్పు."

మూడు అన్నాను. బయట అరుగు మీద వింటున్న బావమరిది లోపలికి దూసుకొచ్చి, ఇంత జరిగాక మూడా అని మండిపడ్డాడు. ఆమె అతన్ని చేత్తో ఆపి, నన్నే అడిగింది. "మూడన్నవ్. రెండెందుకు కాదు?"

నేను దానికి సిద్ధంగా లేను. పది ఎందుకు కాదని అడిగి ఉంటే వెయ్యి సాకులు చెప్పేవాణ్ని. రెండెందుకు కాదో చెప్పాలంటే మానాలని నాకు ఎందుకుందో చెప్పాలి. ప్రూఫు మీద అక్షరాలు కదులుతున్నాయన్నాను. అద్దం ముందు గడ్డం గీసుకోలేకపోతున్నానన్నాను. పాప నా మెడ దగ్గర ముక్కు పెట్టి ఊపిరి పీలుస్తుందన్నాను. ఆమె ఇంకో కాయ ఈనె లాగింది. తరువాత, "ఇందుల ఒక్కటన్న నేను చెప్పిన్నా? అన్ని నువ్వే చెప్పినవ్. యాదికి పెట్టుకో," అని బుట్ట పక్కకు జరిపింది.

ఆమె పద్ధతంతా అదే. ఇంతకు ముందెప్పుడైనా ఆపావా అంటే, అయ్యప్ప మాల వేసినప్పుడు నలభై ఒక్క రోజులు ఆపానని, అది స్వామి మహిమేనని చెప్పాను. "స్వామి మహిమ నాకెర్కలేదు. వైన్స్ ముందటికెళ్లి రోజు నడిచిపోయిన కాళ్లెవరివి?" అంది. నా కాళ్లే అని ఒప్పుకోవడానికి నాకు ఎంత కష్టమైందో మీకు చెప్పినా అర్థం కాదు. చెడ్డదంతా నా ఖాతా, మంచిదంతా దేవుడి ఖాతా అని రాసుకోవడం అలవాటైపోయిన వాళ్లం మేము.

ఒట్టు సంగతి ఆమెకు నెలన్నర దాకా చెప్పలేదు. చెప్పిన రోజు ఆమె చేతిలో కాయ ఆగిపోవడం మొదటిసారి చూశాను. మొహం ఎర్రబడింది. వచ్చే ఆదివారం పాపనూ అత్తనూ తీసుకురమ్మంది.

వచ్చారు. ఆమె పాపకు కూడా ఒక గుప్పెడు కాయలు పోసి, ఏ క్లాసు, ఏ స్కూలు అని అడిగి, డెంగీ ఎందుకొచ్చిందో తెలుసా అంది. పాప నా వైపు చూసి తల దించుకుంది. దోమ కుడితే వస్తుందని స్కూల్లో చెప్పలేదా అంటే, చెప్పారంది. "మరి మీ డాడీ తాగిండని దోమకెవరు చెప్పిన్రు బిడ్డా?"

పాప చాలాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, దోమకు ఎవరు చెప్పి ఉంటారా అని. తరువాత నవ్వింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అది అలా నవ్వడం నేను చూడలేదు. అత్తకు మాత్రం నచ్చలేదు. దైవంతో పరాచికాలాడొద్దని, ఒట్టంటే ఒట్టేనని గట్టిగానే అంది. సిస్టరమ్మ లేచి అత్త పక్క కుర్చీలోకి మారింది. "పెద్దమ్మా, నువ్వు బిడ్డ సంసారం నిలబెడ్దామనే చేసినవ్, నాకెర్కే. గని ఇది వీని బీమారి. దాని బరువు ఎనిమిదేండ్ల పిల్ల నెత్తి మీద పెడితే పిల్ల మోస్తదా?" అని మెత్తగా అంది. పాప వైపు తిరిగి, "నీ నెత్తి మీద ఎవరి చెయ్యి పెట్టనియ్యకు. అది దువ్వుకోనీకి, చదువుకోనీకి," అంది. అత్త పాప చెయ్యి పట్టుకుని మాకన్నా ముందు నడిచింది. నేను మాత్రం ఆ రోజు సంబరపడ్డాను. పని అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదు. ఏడు నెలలు నిలబడి, గాంధీనగర్‌లో ఒక దోస్తు గృహప్రవేశం దావత్‌లో తాగాను. సాయంత్రం ఇంటికొస్తే పాప తలుపు తీసింది. మెడ చుట్టూ చేతులు వెయ్యకుండానే తెలిసిపోయింది దానికి. నేను గోడకానుకుని దాని చేతినే చూస్తూ నిలబడ్డాను, నుదుటి మీదికి పోతుందేమోనని. పోలేదు. మర్నాడు యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని నా మంచం దగ్గరికొచ్చి నిలబడింది.

"డాడీ, నిన్న నువ్వు తాగినవ్. నాకు జ్వరం రాలే." కాస్త ఆగి, "కోపమొచ్చింది," అని వెళ్లిపోయింది.

నా జీవితంలో ఒకరి కోపానికి నేను సంతోషపడ్డది అప్పుడే. ఆ పిల్లకు నేనంటే భయం పోయింది. కోపం మిగిలింది. కోపమైతే తీర్చుకోవచ్చు. సిగ్గుతో చచ్చిపోతూ, లోపల ఎక్కడో తేలికపడుతూ సిస్టరమ్మ దగ్గరికి పోయి, అంతా నాశనమైందని, ఏడు నెలలూ వృథా అని చెప్పాను.

"నువ్వు పుస్తకాలు చూస్తవ్ గద. అచ్చయినంక తప్పు దొరికితే పుస్తకం తగలవెడ్తరా?"

లేదు, తప్పొప్పుల పట్టిక వేస్తామన్నాను.

"వెయ్యి మరి. ఏ పేజీ, ఎన్నో లైను?"

కాగితం ఇచ్చింది. దావత్, గ్లాసు అని రాశాను. అది కాదు, ఇంకా పైకి పొమ్మంది. భోజనాలు ఒంటి గంటకే. అయినా పొద్దున బయల్దేరేటప్పుడే ఇంట్లో సాయంత్రం దాకా రానని చెప్పాను. ఎందుకు చెప్పాను? దానికీ పైన, ఆ వారమంతా ఆమె దగ్గరికి రాకుండా ఎగ్గొట్టాను. రాస్తూ పోతే గ్లాసు ఎక్కడో ఏడో లైనులో తేలింది. తప్పు ఎక్కడ మొదలైందో చూడడం నా వృత్తి. నా సంగతిలో ఆ పని చేయమని అంతవరకూ ఎవరూ అడగలేదు. ఆ కాగితం నా దగ్గర ఇంకా ఉంది. ఆ తరువాత మళ్లీ రాయవలసి రాలేదు.

ఆమె దగ్గరికి వచ్చిన అందరూ బాగుపడ్డారని చెప్పను. కొందరు పోయారు. అలా పోయిన ఒకతని చావుకు అంబర్‌పేటకు నేనూ వెంట వెళ్లాను. తాగుబోతు పీడ వదిలిందని చుట్టాల్లో ఎవరో అన్నారు, అతని భార్య వినేట్టుగా. సిస్టరమ్మ అందరి మధ్యా నిలబడి, "బీమారితోటి పోయిండు. నా దగ్గరికి నాలుగేండ్లు కొట్లాడుకుంట వచ్చిండు. మీలో ఎవరన్న దేనితోనన్న నాలుగేండ్లు కొట్లాడిన్రా?" అంది. బయటికొచ్చాక ఆటోలో మొహం తిప్పుకుని ఏడ్చింది. నేను అటు వైపు చూడలేదు.

సిస్టరమ్మ పోయిన పదకొండో రోజు ఆమె గల్లీలో టెంటు వేశారు. ఆమె ఫొటో, దండ, దీపం. మేమంతా వచ్చాం. హాస్టలు పిల్లలు చంకలో పుస్తకాలతో వచ్చారు. వాళ్లలో కొందరు గంజాయి నుంచి, నిద్రమాత్రల నుంచి బయటపడ్డవాళ్లు. ఇళ్లలో ట్యూషనని చెప్పి ఆమె దగ్గరికి వచ్చేవారు. మాలో పెద్దాయన ఒకడున్నాడు, రిటైరైన బస్సు కండక్టరు, మంచివాడు. ఆయన లేచి కన్నీళ్లతో ఒక మాట అన్నాడు. అమ్మకు మనం ఇచ్చేది ఇంకేముంది, అందరం ఈ దీపం మీద చెయ్యి పెట్టి, మళ్లీ ముట్టమని ఒట్టు వేద్దామన్నాడు. అందరికీ నచ్చింది. లేచి లైను కట్టారు. మా అత్త నన్ను మోచేత్తో పొడిచింది. మా ఆవిడ కళ్లు నా మీదే ఉన్నాయి.

నేను లేవలేదు. కండక్టరు నా పేరు పెట్టి పిలిచాడు. అప్పుడు లేచి నిలబడి, "ఒట్లు నేను వెయ్య. ఇది ఆమె ఇల్లు. ఈడ ఒట్లు చెల్లవు," అన్నాను.

"అంటే మళ్ల తాగుతవా?" అని అత్త అందరూ వినేట్టు అడిగింది. ఆ రోజు ఆసుపత్రిలో మంచం పక్కన విన్న గొంతే. ఎనిమిదేళ్లలో ఆమె ఒట్టును మరిచిపోలేదు, అడుగున దాచి పెట్టుకుంది.

"రేపటి సంగతి నాకెర్కలేదు. ఇయ్యాల తాగ. మానాలని పదిలో తొమ్మిదున్నది," అన్నాను.

ఆడవాళ్లు కూచున్న వైపు నుంచి మా పాప లేచింది. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, నా భుజాల దాకా వస్తుంది. చేతులు కట్టుకుని నిలబడి, "ఎనిమిదెందుకు కాదు డాడీ?" అంది.

దీపం దగ్గర లైను కట్టిన వాళ్లంతా నా వైపు తిరిగారు. చెప్పక తప్పదు, చెప్పాను. ప్రూఫులో తప్పు నా కళ్లకు ఆనుతోంది గనుక. పొద్దున చెయ్యి తొణక్కుండా గడ్డం గీసుకుంటున్నాను గనుక. తలుపు తీసినప్పుడు నువ్వు నా మొహమే చూస్తున్నావు గనుక. ఇంకొకటుంది. "నీ నెత్తి మీద నా చెయ్యి పెట్టే పని పడతలేదు బిడ్డా. అందుకు."

పాప తలూపి కూచుంది. కండక్టరు దీపం మీది చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "నాది ఆరు," అన్నాడు. లైనులో వెనక నుంచి ఒక హాస్టలు కుర్రాడు నాలుగు అన్నాడు. మూడెందుకు కాదని పది గొంతులు ఒకేసారి అడిగాయి.

అప్పుడే సిస్టరమ్మ చెల్లెలు గోకరకాయల బుట్ట తెచ్చి మా మధ్య పెట్టింది. పిట్టకు, అదే కాకికి, పెట్టాలి, విస్తరిలో ఆమె తినేవన్నీ ఉండాలి, తుంచండి అంది. ఆమెకు ఇది మహా ఇష్టం కదా అన్నాను నేను. చెల్లెలు నన్ను వింతగా చూసింది. "ఇష్టమా? అక్కకు గోకరకాయ వాసనే పడకపోయేది. మీ చేతులకు మంచిగుంటదని తెచ్చేది. తెచ్చినందుకు తినేది."

మా అత్త అందరికన్నా ముందు కిందికి దిగి కూచుని, బుట్టలోంచి రెండు గుప్పిళ్లు తీసి ఒకటి తన ఒళ్లో, ఒకటి నా ఒళ్లో పోసింది. ముదురు కాయలు, ఈనె జాగ్రత్తగా తియ్యి అంది. అందరం తుంచాం.

మధ్యాహ్నం డాబా మీద పిట్టగోడ పక్కన విస్తరి పెట్టి దూరంగా నిలబడ్డాం. అన్నం, పప్పు, గోకరకాయ కూర, ఒక ఉడకబెట్టిన కోడిగుడ్డు. కాకి ముట్టేదాకా ఎవరూ తినకూడదు. నాకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు, ఆమెకూ లేదు. అయినా కళ్లార్పకుండా చూశాను. పక్క హాస్టలు ట్యాంకు మీంచి ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ నడిచింది. గోకరకాయ కూర దగ్గర ఆగి, తల పక్కకు వాల్చి చూసి, ముక్కుతో ఆ ముక్కలను ఒక్కొక్కటిగా విస్తరి బయటికి తోసేసింది. ఆ తరువాత గుడ్డు నోట కరుచుకుని అశోక్‌నగర్ కప్పుల మీదుగా ఎగిరిపోయింది.